ఇంట్లో కయాక్ కట్టాలంటే: ప్లైవుడ్ కుట్టాలా, బద్దలు పేర్చాలా, గుడ్డ తొడగాలా?

"మేకు కొట్టకుండా పడవేంటండీ బాబూ?" అన్నాడు మా వడ్రంగి మేస్త్రి, మూడో రోజు సాయంత్రం షెడ్డులోకి తొంగిచూసి. అక్కడున్నవి నాలుగు ఎం.ఎం. మందం ఉన్న ప్లైవుడ్ పలకలు రెండు. అంచుల వెంబడి చిన్న చిన్న బెజ్జాలు, బెజ్జాల్లో మెలితిప్పిన రాగి తీగ ముక్కలు. పుల్లలు గుచ్చి విస్తరి కుట్టినట్టే ఉంది చూడ్డానికి. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు.

రాజమండ్రిలో ఉంటాను, చేసే ఉద్యోగానికీ చెక్కపనికీ సంబంధం లేదు. ఇప్పటికి రెండు కయాక్‌లు, అంటే కాళ్లు చాపి కూచుని తెడ్డుతో నడిపే, పైన మూత ఉన్న సన్నటి పొడుగు పడవలు కట్టాను: ఒకటి ప్లైవుడ్ కుట్టి, ఇంకొకటి చట్రానికి గుడ్డ తొడిగి. మూడో పద్ధతి, అంటే సన్నటి బద్దలు పేర్చేది, నేను సొంతంగా కట్టలేదు. మా తోడల్లుడు న్యూజెర్సీలో గ్యారేజీలో కడుతుంటే మూడు వారాలు ఉప్పుకాగితం రుద్ది వచ్చాను. ఈ మూడింట్లో ఏది ఎంచుకోవాలని అడిగేవాళ్లలో చాలామంది ఫోటో చూసి ముందే మనసు పారేసుకుని వస్తారు. అది బద్దల పడవ ఫోటోనే అయి ఉంటుంది. తేనె రంగులో, అద్దంలా మెరుస్తూ. ఆ ఫోటోని కాసేపు పక్కన పెట్టండి.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు ప్రశ్న: ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో, మీరు ఎంత కాపురం చెయ్యగలరు? మూడు పద్ధతులకీ ఉన్న అసలు తేడా చెక్కలో కన్నా జిగురులో ఎక్కువ. గుడ్డ పడవకి ఎపాక్సీ దాదాపు అక్కర్లేదు. ప్లైవుడ్ పడవకి ఎనిమిది నుంచి పది లీటర్లు పడుతుంది. బద్దల పడవకీ అంతే, కొంచెం ఎక్కువే. పైగా రోజుల తరబడి రుద్దుడు. మన ఎండలో ఎపాక్సీ మాట వినదు, ఆ కథ కిందకి వస్తుంది.

రెండోది బరువు. పడవని నీళ్ల దాకా మోసేది ఎవరు? ఇద్దరుంటే పాతిక కిలోలు లెక్కలోది కాదు. ఒక్కరే కారు టాపు మీదకి ఎత్తాలంటే పదిహేనుకీ పాతికకీ మధ్య చాలా దూరం ఉంది.

మూడోది, ఎక్కడ దిగుతుంది. గోదావరి ఇసుక తిన్నె వేరు, విశాఖ తీరంలో రాళ్లూ వాటికి అంటుకున్న చిప్పలూ వేరు.

చోటు సంగతి చెప్పనక్కర్లేదు అనుకుంటాం గానీ చెప్పాలి. పదహారు అడుగుల పడవకి ఇరవై అడుగుల చోటు కావాలి, చుట్టూ మనిషి తిరగాలి. కట్టే చోటే కాదు, బయటికి వచ్చే దారి కూడా కొలుచుకోండి. మెట్ల మలుపు దగ్గర పదహారు అడుగుల వస్తువు తిరగదు, లిఫ్టులో అసలే పట్టదు.

ఓపిక చివర్న పెట్టాను. అది ఎవరికి ఎంతుందో వాళ్లే ఎక్కువ చెప్పుకుంటారు కాబట్టి.

డబ్బు గురించి ఒక్క మాట. నా మొదటి పడవ బిల్లులో సగం జిగురుకీ గాజుగుడ్డకీ (ఫైబర్‌గ్లాస్ గుడ్డ) పోయింది. ప్లైవుడ్ ధర అడిగి బడ్జెట్ వేసుకుంటే మోసపోతారు.

## ప్లైవుడ్ కుట్టి, జిగురుతో అతికించేది

ఇంగ్లీషులో స్టిచ్ అండ్ గ్లూ అంటారు. 1960ల మొదట్లో బ్రిటన్‌లో ఇంటి పనివాళ్ల కోసం వ్యాపించింది. మిర్రర్ అనే చిన్న తెరచాప పడవని వేలమంది ఇలాగే ఇళ్లలో కట్టుకున్నారు. పలకల్ని నమూనా ప్రకారం కోసి, అంచులు కలిపి, నాలుగేసి అంగుళాలకొక తీగ ముడి వేస్తే బల్లపరుపు ప్లైవుడ్ దానంతట అదే పడవ ఆకారంలోకి వంగుతుంది. ఆ వంగే క్షణం చూడాల్సిందే. అప్పటిదాకా రేకు ముక్కల్లా పడున్నవి ఒక్క సాయంత్రంలో పడవైపోతాయి.

కుట్టడం మనకి కొత్త కాదు. మన కోస్తాలో పాతకాలపు మసూలా పడవలు పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టి కట్టినవే. కెరటం కొడితే విరక్కుండా వంగేవి. అయితే అక్కడ కుట్టే బలం. ఇక్కడ కుట్టు దర్జీ వేసే టాకా లాంటిది, అసలు అతుకు పడ్డాక పీకెయ్యడమే. బలమంతా లోపలి మూలల్లో పూసే ముద్దదీ దాని మీద వేసే గాజుగుడ్డ పట్టీదీ. ఎపాక్సీలో జల్లించిన చెక్కపొడి కలిపి గారెల పిండంత గట్టిగా చేసుకోవాలి. దోసెల పిండిలా ఉంటే మూలలోంచి జారిపోతుంది. చెంచా వెనక్కి తిప్పి మూల వెంబడి ఒక్క ఊపున లాగితే నున్నగా వస్తుంది. దాని మీద మూడంగుళాల గాజుగుడ్డ పట్టీ. బయటివైపు మొత్తానికి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు తూగే) అల్లిక గాజుగుడ్డ పరిస్తే రాళ్లకి తట్టుకుంటుంది.

పదహారు పదిహేడు అడుగుల పడవకి ఎనిమిది బై నాలుగు షీట్లు మూడు సరిపోతాయి. షీటు ఎనిమిది అడుగులే కాబట్టి రెండు ముక్కల అంచుల్ని ఏటవాలుగా చిత్రికపట్టి అతికించాలి. ఏటవాలు మందానికి ఎనిమిది రెట్లు, అంటే నాలుగు ఎం.ఎం.కి 32 ఎం.ఎం. మొదటిసారి చేసేవాళ్లకి భయం పుట్టించే పని ఇదొక్కటే. ప్లైవుడ్ పొరలు ఏటవాలు మీద సమాన చారలుగా కనిపిస్తే మీరు సరిగ్గా పట్టినట్టు.

ఇక ప్లైవుడ్ ఎంపిక. కొనాల్సింది ఐఎస్ 710 మెరైన్ ప్లై. ఆ ప్రమాణం ప్రకారం దాన్ని 72 గంటలు ఉడకబెట్టినా పొరలు విడకూడదు. నాకు ముద్ర చూపించి అమ్మిన మొదటి షీటు మూడు గంటలకే ఉల్లిపొరల్లా విడిపోయింది. అదృష్టం కొద్దీ కొయ్యకముందే చేతి వెడల్పు ముక్క గిన్నెలో వేసి చూశాను. మీరూ అంతే చెయ్యండి. షాపులో సిగ్గుపడకుండా ఒక మూల కోయించుకుని తెచ్చి, ఇంట్లో ఎసట్లో పడెయ్యండి.

ఇంకో చిన్న పరీక్ష, షీటుని కాటా మీద పెట్టడం. విదేశాల్లో ఈ పనికి వాడేది ఒకూమే అనే తేలిక చెక్క ప్లై, నాలుగు ఎం.ఎం. షీటు అయిదు కిలోల పైచిలుకు ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా దొరికే గర్జన్ ప్లై షీటు ఎనిమిది కిలోల పైనే. కయాక్ మొత్తం చర్మం సుమారు అయిదు చదరపు మీటర్లు అనుకుంటే, ఒకూమేతో చెక్క బరువు తొమ్మిది కిలోలు, గర్జన్‌తో పద్నాలుగు. నమూనాలో "18 కిలోలు" అని రాసి ఉంటే మనది 23 దాకా వస్తుందని ముందే అనుకోండి. నాది ఇరవై నాలుగున్నర తూగింది.

ఇప్పుడు ఎండ సంగతి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ గట్టిపడే సమయం దాదాపు సగం అవుతుంది. పైగా గిన్నెలో కుప్పగా ఉంటే తన వేడికి తనే ఇంకా వేడెక్కుతుంది. మే నెలలో ఒక మధ్యాహ్నం పనైపోతుందని ఆశపడి మూడొందల గ్రాములు ఒకేసారి ప్లాస్టిక్ మగ్గులో కలిపాను. బ్రష్షు వెతుక్కుని వచ్చేసరికి మగ్గులోంచి పొగ. పట్టుకుంటే చెయ్యి కాలింది, మగ్గు అడుగు కరిగి బల్లకి అతుక్కుంది. ఇప్పటికీ ఆ బల్ల మీద తేనెరంగు గడ్డ ఒకటుంది, పేపర్ వెయిట్‌లా పనికొస్తోంది. అప్పట్నుంచి వంద గ్రాములకి మించి కలపను, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోసేస్తాను.

"అయితే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పూద్దాం" అనిపిస్తుంది. అదీ తప్పే. పొద్దెక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి బయటికి తన్నుకొస్తుంది, పూతంతా బుడగలు. చెక్క చల్లారుతున్న వేళ పూస్తే జిగురుని లోపలికి పీల్చుకుంటుంది. మన దగ్గర దీనికి మంచి కాలం నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా, మధ్యాహ్నం మూడు దాటాక. వానాకాలంలో తేమకి పూత మీద జిడ్డు పొర ఒకటి కడుతుంది. దాన్ని మంచినీళ్లతో పీచు పెట్టి కడక్కుండా రెండో పూత వేస్తే అంటుకోదు.

ఫైబర్ పనిచేసే షాపువాళ్లు "ఎపాక్సీ ఎందుకండీ, మామూలు రెజిన్ మూడో వంతు ధరకే ఇస్తాం" అంటారు. వాళ్లు ఇచ్చేది పాలియెస్టర్ రెజిన్. నీళ్ల ట్యాంకులకీ ఫైబర్ పడవలకీ బాగానే ఉంటుంది, చెక్కని మాత్రం గట్టిగా పట్టుకోదు. ఏడాది తిరిగేసరికి గుడ్డ పెచ్చులా లేస్తుంది. దాంతో ఇచ్చే చాపలాంటి మ్యాట్ కూడా వద్దు, అల్లిక గుడ్డే అడగండి.

చేతి తొడుగులు లేకుండా ఎపాక్సీ ముట్టుకోవద్దు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే జన్మంతా పడదు, డబ్బా మూత తీసినా దురద వస్తుంది. అంటుకుంటే థిన్నర్‌తో కడగొద్దు, అది జిగురుని చర్మంలోకి ఇంకా లోపలికి తీసుకెళ్తుంది. సబ్బు, లేదా వెనిగర్.

పైన రంగో వార్నిషో తప్పనిసరి, ఎండకి ఎపాక్సీ పాడవుతుంది. ముదురు రంగు వెయ్యకండి. మన ఎండలో కారు టాపు మీద నల్లటి పడవని వదిలేస్తే మామూలు ఎపాక్సీ మెత్తబడేంత వేడెక్కుతుంది. తెలుపు, లేత పసుపు, ఆకాశనీలం, ఏదైనా లేతగా.

నా పడవకి పట్టిన సమయం తొంభై గంటలు. అలవాటున్నవాళ్లు అరవైలో ముగిస్తారు.

## చట్రం కట్టి గుడ్డ తొడిగేది

కయాక్ పుట్టిందే ఇలా. గ్రీన్‌లాండ్‌లో చెట్లు దాదాపు లేవు. సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన దుంగల్ని చీల్చి చట్రం కట్టి, సీల్ తోలు బిగించేవాళ్లు అక్కడి ఇన్యుయిట్లు. కొలతలు ఒంటివే: పొడవు మూడు బారలు, వెడల్పు తుంటికి రెండు పిడికిళ్లు ఎక్కువ. మన బారే, రెండు చేతులూ చాపితే వచ్చేది. నా మూడు బారలు కొలుచుకుంటే పదహారున్నర అడుగులు వచ్చింది.

పుట్టి ఎక్కినవాళ్లకి ఈ పద్ధతి విడమర్చి చెప్పక్కర్లేదు. కృష్ణలో, తుంగభద్రలో తిరిగే పుట్టి కూడా వెదురు బుట్టకి తొడుగు వేసిందే. ఒకప్పుడు తోలు, తర్వాత తారు, ప్లాస్టిక్కు. ఆకారం గుండ్రం, అంతే తేడా.

గ్రీన్‌లాండ్ పద్ధతిలో పక్కటెముకల్ని ఆవిరి పట్టి వంచాలి. మొదటి పడవకి అది వద్దు. ఇంకో తేలిక దారి ఉంది. పన్నెండు ఎం.ఎం. మెరైన్ ప్లైలో అయిదారు అడ్డుచట్రాలు కోసి, వాటి చుట్టూ ఏడెనిమిది పొడవాటి బద్దలు పెట్టి తాడుతో కట్టెయ్యడం. జిగురు లేదు, మేకు లేదు. తాడు కోసం ఎక్కడికీ పోలేదు, వలలు అల్లే నైలాన్ తాడు కాకినాడలో కిలోల లెక్కన అమ్ముతారు. దానికి మైనం పట్టించి బిగించాను. మొత్తం మీద రెండొందల పైన కట్లు. మొదటి ఇరవై కట్లూ రేడియో వింటూ కట్టాను, ఆ తర్వాత రేడియో కూడా విసుగొచ్చింది.

ఈ చట్రం చూశాకే మా మేస్త్రి మెత్తబడ్డాడు. కట్లలో రెండింటిని గోటితో మీటి చూసి, "ఇది పాడెలా ఉంది గానీ పనితనం ఉందండి" అన్నాడు. మెచ్చుకోలనే తీసుకున్నాను.

బద్దలకి ముడుల్లేని పైన్ బాగుంటుంది. వెదురు వాడాలని చాలామందికి అనిపిస్తుంది, నాకూ అనిపించింది. వెదురులో బలం ఉంది, కానీ పచ్చివెదురు ఏడాదిలో పుచ్చు పడుతుంది. పాతవాళ్లు చెరువులో వారాల తరబడి నానేసి ఎండబెట్టి వాడేది అందుకే. అంత తీరిక ఉంటే వాడండి.

తొడుగుకి పాలియెస్టర్ గుడ్డ తీసుకున్నాను. నైలాన్ ఇంకా గట్టిది గానీ తడిస్తే సాగుతుంది, పడవ వదులవుతుంది. పాలియెస్టర్‌లో ఒక వెసులుబాటు ఉంది: పైభాగంలో నడి మధ్యన చేత్తో కుట్టేశాక, అక్కడక్కడా ముడతలుంటే ఇస్త్రీపెట్టె మెల్లగా పాకించండి, గుడ్డ ముడుచుకుని డప్పులా బిగుస్తుంది. తర్వాత రెండు భాగాలు కలిపి పూసే పాలీయురెథేన్ మూడు పూతలు. చట్రానికి అవిసెనూనె.

నాది పద్నాలుగు కిలోలు వచ్చింది. ఒక చంక కింద పెట్టుకుని గట్టు దిగుతాను. ఆ సుఖం ప్లైవుడ్ పడవకి రాదు.

మరి నష్టాలు? చెప్పుకోదగ్గవే ఉన్నాయి. ప్లైవుడ్ పడవలో ముందూ వెనకా అడ్డుగోడలు పెట్టి గాలిగదులు చేసుకోవచ్చు, బోల్తాపడినా తేలుతుంది. గుడ్డ పడవలో ముక్కు నుంచి తోక దాకా ఒకటే గది. బోల్తాపడితే నిండా నీళ్లే. గాలిసంచులు రెండు కొసల్లోనూ కూరి, చట్రానికి కట్టి తీరాలి. స్కూటర్ ట్యూబులు కూడా పనిచేస్తాయి, కట్టకపోతే తేలి బయటికొచ్చేస్తాయి. ఇంకోటి, పదునైన చిప్పల మీద ఈడిస్తే గుడ్డ చిరుగుతుంది. మామూలు రాయికి తగిలితే ఏం కాదు, గుడ్డ లోపలికి వంగి జారిపోతుంది.

ఇన్ని చూసుకున్నా నా పడవకి మొదటి కన్నం నీళ్లలో పడలేదు. షెడ్డులో ఎలుక పెట్టింది. అతుకు వెయ్యడానికి అరగంట పట్టింది.

## బద్దలు పేర్చేది

ఆ ఫోటోలోని పడవ ఇదే. ఒక పొడుగాటి దూలం మీద అడుగుకొకటి చొప్పున అచ్చులు నిలబెట్టి, ఆరు ఎం.ఎం. మందం, పద్దెనిమిది ఎం.ఎం. వెడల్పు ఉండే బద్దల్ని ఒక్కొక్కటీ పక్కపక్కన అతికిస్తూ పోవాలి. బద్దకి ఒక అంచు ఉబ్బుగా, రెండో అంచు గాడిగా ఉంటుంది, ఒకదాంట్లో ఒకటి కూచుంటాయి. పడవ నడుము దగ్గర చుట్టుకొలత 150 సెంటీమీటర్లు అనుకోండి, అక్కడికి ఎనభై దాకా బద్దలు. రోజుకి నాలుగు అతికిస్తే మంచి రోజు. అన్నీ అయ్యాక రుద్దాలి, బయట గాజుగుడ్డ వెయ్యాలి, అచ్చుల మీంచి తీసి లోపల మళ్లీ రుద్ది మళ్లీ గాజుగుడ్డ వెయ్యాలి. మొత్తం రెండొందల యాభై గంటలు తక్కువలో తక్కువ.

మా తోడల్లుడు వాడింది వెస్టర్న్ రెడ్ సెడార్. మంచి చెక్క, వాసనా బాగుంటుంది, కానీ ఆ పొడి కొంతమందికి ఉబ్బసం తెప్పిస్తుంది. మాస్కు లేకుండా రెండు రోజులు రుద్ది మూడో రోజు రాత్రంతా దగ్గాను.

మన దగ్గర ఈ పద్ధతికి అసలు అడ్డు చెక్క. "టేకు ఉందిగా, మా తాతగారింటి దూలాలున్నాయి" అంటారు చాలామంది. లెక్క చూడండి: అయిదు చదరపు మీటర్లు, ఆరు ఎం.ఎం. మందం. సెడార్ అయితే పదకొండు కిలోలు. టేకు అయితే దాదాపు ఇరవై. జిగురూ గుడ్డా కలిపితే టేకు పడవ ఇద్దరు మోసేది అవుతుంది. పైగా టేకులో నూనె ఉంటుంది, ఎపాక్సీ సరిగ్గా పట్టదు. తాతగారి దూలంతో తెడ్డుకి అంచుపట్టీలు గానీ, కూచునే చోటి చుట్టూ వంపు అంచు గానీ చేసుకోండి, బాగుంటుంది.

అందం కాక ఇంకో లాభం కూడా ఉంది, అది ఒప్పుకోవాలి. ప్లైవుడ్ ఒక దిశలోనే వంగుతుంది కాబట్టి పడవ మూలలు మూలలుగా వస్తుంది. బద్దలతో గుండ్రటి ఒళ్లు వస్తుంది. అలల్లో ఆ తేడా తెలిసేది చెయ్యి తిరిగినవాళ్లకి. మొదటి ఏడాది మీకు తెలియదు, నాకూ తెలియలేదు.

## పక్కపక్కన పెడితే

| | ప్లైవుడ్ కుట్టేది | గుడ్డ తొడిగేది | బద్దలు పేర్చేది |
|---|---|---|---|
| కొత్తవాళ్లకి పట్టే సమయం | 80–100 గంటలు | 60–80 గంటలు | 250 గంటల పైనే |
| మన సరుకుతో బరువు | 22–25 కిలోలు | 12–15 కిలోలు | చెక్కని బట్టి 20–30 |
| ఎపాక్సీ | 8–10 లీటర్లు | దాదాపు లేదు | 10 లీటర్ల పైన |
| దుమ్ము, రుద్దుడు | మధ్యస్తం | కొంచెం | విపరీతం |
| గాలిగదులు | కట్టుకోవచ్చు | సంచులు కూరాలి | కట్టుకోవచ్చు |
| రాళ్ల తీరం | తట్టుకుంటుంది | చిప్పలుంటే వద్దు | తట్టుకుంటుంది, గీతలకి మనసొప్పదు |
| ఆంధ్ర, తెలంగాణల్లో సరుకు | ప్లై సులువు, ఎపాక్సీ వెతకాలి | అంతా దొరుకుతుంది | మంచి చెక్క కష్టం |
| ఎప్పుడు కట్టాలి | నవంబరు–ఫిబ్రవరి | ఎప్పుడైనా | నవంబరు–ఫిబ్రవరి |

## ఎవరికి ఏది

అపార్టుమెంటులో ఉండి, కింద పార్కింగులో ఒక మూల దొరికినవాళ్లు గుడ్డ పడవ కట్టండి. వాసన గొడవ పూతల రోజు తప్ప ఉండదు, గాజుగుడ్డ పొడి పక్కింటివాళ్ల కారు మీద పడదు, మిషన్ల మోత రెండు రోజులే. అడ్డుచట్రాలు ఇంట్లో బాల్కనీలో కోసుకుని, పొడుగు బద్దలు కట్టేటప్పుడే కిందకి దిగొచ్చు. కట్టాక పార్కింగు కప్పుకి వేలాడదీస్తే ఎలుకల బాధా చెదల బాధా ఉండదు.

సొంత పెరడో షెడ్డో ఉన్నవాళ్లకి, కాకినాడ భీమిలి వైపు సముద్రం అంచునో, కొల్లేటి కాలవల్లోనో ఏళ్ల తరబడి కఠినంగా వాడుకుందాం అనుకునేవాళ్లకి ప్లైవుడ్. నా మొదటి ఓటు చాలామందికి దీనికే. తప్పు చేసినా సరిదిద్దుకునే వీలు ఎక్కువ, మూల సరిగ్గా రాకపోతే రుద్ది ఇంకో ముద్ద పూస్తే సరి.

పిల్లల్ని ఎక్కించుకుని తిరగాలనేవాళ్లు ఈ మూడింటి గురించీ పెద్దగా ఆలోచించకండి. మీకు కావాల్సింది పైన మూత లేని, అడుగు బల్లపరుపుగా ఉండే చిన్న పడవ. రెండు షీట్ల ప్లైతో ఇదే కుట్టు పద్ధతిలో నాలుగైదు వారాంతాల్లో అయిపోతుంది. మొదటి కయాక్ ముందు చెయ్యి అలవాటుకి కూడా ఇది మంచిదే.

అమెరికాలోనో కెనడాలోనో ఉన్నవాళ్ల లెక్క వేరు. మంచి చెక్క, ఒకూమే ప్లై, ఎపాక్సీ అన్నీ తేలిగ్గా దొరుకుతాయి. మేరీలాండ్‌లోని అనాపొలిస్‌లో ఉన్న చెసపీక్ లైట్ క్రాఫ్ట్ లాంటి సంస్థలు మిషను మీద కోసిన పలకలతో సహా పెట్టె పంపిస్తాయి, ఏటవాలు అతుకుల భయం కూడా తగ్గుతుంది. అక్కడి తిప్పలు మనకి తలకిందులు: చలికాలం గ్యారేజీలో ఎపాక్సీ రోజులు గడిచినా గట్టిపడదు. మా తోడల్లుడు పడవ చుట్టూ ప్లాస్టిక్ డేరా కట్టి హీటరు పెట్టాడు. ఆయనకిది రెండో పడవ. మొదటిది ప్లైవుడ్‌దే.

బద్దల పడవే కట్టాలని మనసు లాగుతుంటే కట్టండి, కానీ రెండోదిగా. మొదటి పడవ మీద నేర్చుకునే తప్పులు రెండొందల యాభై గంటల పని మీద నేర్చుకోవడం బాధగా ఉంటుంది. చెక్కపని ఇప్పటికే వచ్చినవాళ్లకి ఇది వర్తించదు. వాళ్లకి నీళ్ల మీద తిరగడం కన్నా షెడ్డులో గడపడమే ఇష్టమైతే ఇంతకన్నా మంచి పని లేదు.

## నమూనా కొనేముందు

ఏ పద్ధతైనా నమూనా పత్రం డబ్బులిచ్చి కొనండి, అసలు సైజు గీతలతో ఉన్నది. ఫ్లెక్స్ షాపులో ప్రింటు తీయిస్తే దాంట్లో ఇచ్చిన కొలత గడిని స్కేలుతో కొలవండి. నాకు మొదటిసారి ప్రింటు రెండు శాతం చిన్నదొచ్చింది. పదహారు అడుగుల మీద అది దాదాపు నాలుగంగుళాలు.

వెడల్పు కొత్తవాళ్లకి ఇరవై నాలుగంగుళాలకి తగ్గొద్దు. గ్రీన్‌లాండ్ పిడికిళ్ల లెక్కతో కడితే అంతకన్నా సన్నగా వస్తుంది, ఎక్కిన వెంటనే దింపేస్తుంది. నమూనాలో రాసిన మోత బరువులో మీ బరువూ సామానూ ఇముడుతుందో లేదో చూసుకోండి. చాలకపోతే వేరే నమూనా చూడండి, ఉన్నదాన్ని సొంత బుర్రతో వెడల్పు చెయ్యకండి.

అసలు ఇవన్నీ చేసేముందు ఒక పూట కయాక్ ఎక్కి చూడండి. హైదరాబాదు దగ్గర వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి ప్రాజెక్టులోనూ, విశాఖ రుషికొండలోనూ అద్దెకి తిప్పుతారు. రెండు గంటలు కూచున్నాక నడుం ఏమంటుందో తెలుస్తుంది. కాళ్లు చాపి కూచోవడం కొందరికి పడనే పడదు.

కట్టడం అయ్యాక తొందరపడి వరద గోదావరిలోకి దిగొద్దు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఆ నీటితో చెలగాటం వద్దు, ధవళేశ్వరం బ్యారేజీ ఎగువన ఏ కాలంలోనూ వద్దు. ఎండాకాలంలో డెల్టా కాలవలు కట్టేస్తారు, అప్పుడు బురదే. నవంబరులో కట్టడం మొదలుపెడితే ఫిబ్రవరికి పడవ చేతికొస్తుంది, కాలవల్లో ఇంకా నీళ్లుంటాయి.

మొదటి రోజు నడుం లోతు నీళ్లలో, ఒడ్డున ఇంకో మనిషిని నిలబెట్టుకుని, లైఫ్ జాకెట్ వేసుకుని కావాలనే బోల్తా కొట్టండి. బయటికి రావడం ఎంత సులువో చూసుకోండి. తర్వాత పడవ నిండా నీళ్లు పోసి పది నిమిషాలు వదిలెయ్యండి. రెండు కొసలూ నీటి పైన తేలుతున్నాయా, ఒక కొస మునిగి నిలువుగా వేలాడుతోందా అన్నది చూడాలి. నా గుడ్డ పడవ మొదటిసారి నిలువుగానే వేలాడింది. వెనకవైపు ట్యూబు కట్టడం మర్చిపోయాను.